నలభై ఏడో నంబరు

"నెట్ భయ్యా, నా చేతులు ఆగిపోతున్నయి," అంది ఆ అమ్మాయి.

ముదస్సిర్ తలెత్తి ఆమె చేతుల వైపు చూశాడు. ఒక చేతిలో లాప్‌టాప్ ఉంది. రెండో చెయ్యి తలుపు పట్టుకుని ఉంది. రెండూ బాగానే ఉన్నట్టు కనిపించాయి.

"చేతులా?"

"చేతులే. మూడు రోజుల సంది."

ఆమె పేరు ఖుష్నుమా. రాంగోపాల్‌పేటలోని ఆ నాలుగంతస్తుల కాంప్లెక్సులో మూడో అంతస్తుకు కొత్తగా వచ్చిన ఆఫీసులో పని. అక్కడివాళ్లు సైగల భాషకు దుబాసీలు. చెవులు వినపడనివాళ్లు ఆస్పత్రికో బ్యాంకుకో పోయినప్పుడు ఈ ఆఫీసుకు వీడియో కాల్ చేస్తారు. వాళ్ల సైగల్ని వీళ్లు అవతలివాళ్లకు నోటితో చెప్తారు, అవతలివాళ్ల మాటను వాళ్లకు సైగల్లో చెప్తారు. వీడియో ఆగిందంటే చేతులు ఆగినట్టే, చేతులు ఆగితే మాట ఆగినట్టే. నిన్న ఒక డాక్టరు పొద్దున ఒక గోళీ, సాయంత్రం రెండు అని చెప్పాడట. బొమ్మ మధ్యలో బిగుసుకుపోయి, ఎప్పుడు ఒకటో ఎప్పుడు రెండో ఆ పేషెంటుకు తెలియక, ఖుష్నుమా నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చిందట. ఇదంతా ఆమె ఒక్క గుక్కలో చెప్పింది.

ముదస్సిర్‌కు విషయం అర్థమైంది, కారణం మాత్రం అర్థం కాలేదు. కాంప్లెక్సు ఓనరు హరికిషన్ ఇంటర్నెట్ లైను ఒక్కటే తీసుకుని ముప్పై ఆఫీసులకు ఇస్తాడు. దాన్ని పంచే పని ముదస్సిర్‌ది. మెట్ల కింది గదిలో ఒక పాత కంప్యూటరును ఫైర్‌వాల్‌గా మార్చి పెట్టుకున్నాడు. ఆ బిల్డింగులో ఎవరు బయటికి మాట్లాడాలన్నా ఆ పెట్టెలోంచే పోవాలి. అది ఒక్కో కంప్యూటరుకు ఒక్కో నంబరు ఇస్తుంది, దాన్నే అడ్రస్ అంటారు. ఏ అడ్రస్ ఎంత వాడుతోందో లెక్కపెడుతుంది, చెప్తే ఆ అడ్రస్‌కు హద్దు కూడా పెడుతుంది.

పోయిన వారం ముదస్సిర్ ఒకే ఒక్క అడ్రస్‌కు గట్టి హద్దు పెట్టాడు. నలభై ఏడో నంబరుకు. రెండో అంతస్తులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే సుబ్బరాజుది అది. ఆయన ఒక్కో పెళ్లిని అమెరికా చుట్టాల కోసం పొద్దంతా నెట్‌లోకి ఎక్కిస్తుంటే మిగతా ఆఫీసుల్లో పేజీలు తెరుచుకునేవి కావు. ఆ హద్దుతో బిల్డింగంతా ఊపిరి పీల్చుకుందనే అతను అనుకుంటున్నాడు.

లాప్‌టాప్ తీసుకుని దాని అడ్రస్ చూశాడు. చివర్లో నలభై ఏడు.

మళ్లీ చూశాడు. నలభై ఏడే. మొన్న సోమవారం కరెంటు పోయి వచ్చినప్పుడు పెట్టె పాత నంబర్లన్నీ మరిచిపోయి, ముందొచ్చినవాళ్లకు చేతికందిన నంబరు ఇచ్చేసిందని అప్పుడు వెలిగింది. సుబ్బరాజు ఏదో కొత్త నంబరుతో హాయిగా పెళ్లిళ్లు ఎక్కిస్తున్నాడు. ఆయనకు పెట్టిన హద్దు వచ్చి ఈమె చేతులకు పడింది.

తప్పు నాదే అని చెప్పాల్సిన చోట, ముదస్సిర్ నోటివెంట "లైను ప్రాబ్లం" అన్న మాట వచ్చింది. ఎందుకు వచ్చిందో అతనికే తెలియదు. అంత నమ్మకంగా నిలబడి చూస్తున్న మనిషి ముందు బేకార్‌గాడిలా కనిపించడం ఇష్టం లేకపోయి ఉంటుంది. హద్దు తీసేశాడు. అంతటితో ఆగకుండా, ఎవరు ఎంత వాడినా నలభై ఏడుకు మాత్రం ముందు దారి ఇవ్వాలని ఇంకో రూలు రాశాడు.

సాయంత్రం ఆమె కిందికి దిగుతూ గది ముందు ఆగి, ఇయ్యాల మస్తుగ నడిచిందని, షుక్రియా అని చెప్పింది. చివర్లో భయ్యా అంది. బిల్డింగంతా అనే మాటే అది. ఆ రోజు మాత్రం ముదస్సిర్ చెవికి ఎందుకో గుచ్చుకుంది.

మర్నాటి నుంచి అతనికి కొత్త అలవాటు పట్టుకుంది. ఫైర్‌వాల్ గంటగంటకూ గ్రాఫు గీస్తుంది. నలభై ఏడో నంబరు గ్రాఫు పగలంతా ఎగుడుదిగుడుగా ఉండి, నాలుగింటికి మాత్రం నిటారుగా లేచి, పోయేదీ వచ్చేదీ ఒకే ఎత్తులో గంటసేపు నిలబడి, ఐదింటికి దిగిపోయేది. అంటే ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ గంటసేపు మాట్లాడుకుంటున్నారన్న మాట. రోజూ అదే సమయానికి.

పని మీద మాట్లాడే కాల్ రోజూ అదే గంటకు ఎందుకుంటుంది అనుకున్నాడు. ఉంటే మాత్రం నాకేంటి అని కూడా అనుకున్నాడు. అనుకుని, మర్నాడు నాలుగింటికి చాయ్ తెచ్చుకుని గ్రాఫు ముందు కూర్చున్నాడు.

ఆ వారంలోనే మూడో అంతస్తులో ఒక కేబుల్ మార్చాల్సి వచ్చింది. ఖుష్నుమా కుర్చీ వెనక గోడకు నెల క్యాలెండరు ఉంది. ప్రతి గడిలోనూ ఆమె చేతిరాతతో ఒకే మాట ఉంది: నాలుగు, లాల్. ఆదివారాలు తప్ప అన్ని గడుల్లోనూ లాల్.

కేబుల్ మార్చి కిందికి దిగుతుంటే మెట్లు రోజూ కంటే ఎక్కువ ఉన్నట్టు అనిపించింది. లాల్ ఎవడో, ఎక్కడుంటాడో, దుబాయా, సౌదీయా, రోజూ గంట సెలవు ఎట్లా దొరుకుతుందో. తను రాసిన రూలు వల్లే వాళ్లిద్దరి మాటలు అడ్డం లేకుండా సాగుతున్నాయని గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రూలు తీసేద్దామని కీబోర్డు మీద చెయ్యి పెట్టి, ఇదెక్కడి కమీన బుద్ధి అని తనను తానే తిట్టుకుని చెయ్యి తీసేశాడు.

రెండు వారాలు అట్లాగే గడిచాయి. ఖుష్నుమా రోజూ దిగుతూ గది ముందు రెండు నిమిషాలు ఆగేది. ఒకసారి ఆ పెట్టెల మీది లైట్లు ఎందుకు మిటుకుతాయని అడిగింది. ఇంకోసారి పిల్లి, చాయ్, వాన అనే మూడు సైగలు నేర్పింది. అతను చాయ్ అనబోయి పిల్లి అన్నాడు. ఆమె నవ్వింది, అతనికి ఆ రాత్రి అన్నం సయించలేదు. లాల్ ఉండగా ఈమె ఇట్లా ఎందుకు నవ్వుతుంది, నవ్వితే నేనెందుకు పరేషాన్ అవుతున్నాను అనుకున్నాడు.

అంతలో ఒక మంగళవారం నాలుగింటికి గ్రాఫు లేవలేదు. బుధవారం కూడా లేవలేదు. నలభై ఏడో నంబరు మీద నెట్ నుంచి ఏదో కిందికి దిగుతోంది కాని, ఇటునుంచి పైకి పోయేది ఏమీ లేదు.

ముదస్సిర్‌కు మొదట సంతోషం కలిగింది, వెంటనే సిగ్గేసింది. ఇద్దరికీ గొడవైందేమో, ఆమె ఏడుస్తోందేమో అని గుబులు పుట్టింది. అరగంట గదిలోనే తిరిగి చివరికి మూడో అంతస్తు ఎక్కాడు.

ఖుష్నుమా లాప్‌టాప్ ముందు ఒంటరిగా కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాలుగింటి కాల్ చేయలేదేంది? నిన్న సుత లేదు. అంత మంచిదేనా?" అన్నాడు.

ఆమె తల తిప్పి అతన్ని చూసింది.

"నేను నాలుగింటికి కాల్ చేస్తనని మీకెట్ల తెలుసు?"

ముదస్సిర్ గుమ్మం వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మా కాల్స్ చూస్తున్నరా మీరు? ముదస్సిర్ గారూ, అడుగుతున్న. చూస్తున్నరా?"

ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. భయ్యా పోయింది. సంతోషించాలా, భయపడాలా అని ఒక క్షణం నిజంగానే తికమకపడ్డాడు, మరుక్షణం భయమే గెలిచింది. చూస్తలేను, వింటలేను, గ్రాఫు ఒక్కటే అని ఏదేదో అన్నాడు. గ్రాఫు ఏంటని అడిగింది. దాన్ని చెప్పబోతే నలభై ఏడు వచ్చింది, నలభై ఏడు వస్తే సుబ్బరాజు వచ్చాడు, సుబ్బరాజు వస్తే ఆ మొదటి మూడు రోజుల హద్దు బయటపడింది.

"అంటే లైను ప్రాబ్లం కాదు," అంది ఆమె నెమ్మదిగా. "మీరే ఆపిన్రు. ఆపి, అబద్ధం చెప్పిన్రు."

అతను తలొంచుకున్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. తమతో మాట్లాడేవాళ్లు రోగాలు చెప్పుకుంటారని, ఇంటి గొడవలు చెప్పుకుంటారని, ఇంకో మనిషికి తెలియదన్న నమ్మకంతోనే చేతులు విప్పుతారని చెప్పింది. ఆ నమ్మకం పోతే ఈ ఆఫీసు తలుపు మూసుకోవడమే అంది. అరగంటలో ఆఫీసు పెద్ద లీలాకుమారి హరికిషన్‌కు ఫోన్ చేసింది. రేపు పొద్దున తమకు సంజాయిషీ కావాలని, లేకపోతే ఖాళీ చేస్తామని చెప్పింది.

మర్నాడు మెట్ల కింది గదిలో హరికిషన్, లీలాకుమారి, ఖుష్నుమా నిలబడేసరికి గాలి ఆడలేదు. ముదస్సిర్ స్క్రీన్ మీద అంతా తెరిచి చూపించాడు. ఏ అడ్రస్, ఏ గంటకు, పైకి ఎంత, కిందికి ఎంత. అంతే. మనుషుల ముఖాలూ లేవు, మాటలూ లేవు, వరసగా అంకెలు. ఎవరేం మాట్లాడారో ఈ పెట్టెకు తెలియదని, తెలుసుకునే దారీ తను పెట్టలేదని చెప్పాడు. లీలాకుమారి ప్రతి వరసా చదివి, ఇంతేనా అంది. హరికిషన్ రుమాలుతో చెమట తుడుచుకుని ఇంతేనమ్మా అన్నాడు.

ఖుష్నుమా ఒప్పుకోలేదు. "ఎంత, ఎప్పుడు అన్నది సుత తక్కువేం కాదు. నేను ఏడుస్తున్ననని మీరు పైకొచ్చిన్రు. ఈ అంకెలే చెప్పినయి కదా మీకు."

అది నిజం. రెండు వారాలుగా అతను చేసిన పని కూడా అదే.

అప్పుడే ఇంకోటి కూడా బయటపడింది. మంగళవారం పొద్దున పెట్టె మళ్లీ ఆగి లేచింది, నంబర్లు మళ్లీ మారాయి. నలభై ఏడు ఇప్పుడు మొదటి అంతస్తులోని ట్యూషన్ సెంటరుది. ఖుష్నుమాది అరవై మూడు. ఆ ముందు దారి రూలు ట్యూషన్‌వాళ్లకు పోయి, ఆమె మాత్రం సుబ్బరాజు పెళ్లిళ్ల మధ్య నలిగింది. అతను రెండు రోజులు దిగులుపడింది వేరేవాళ్ల గ్రాఫు చూసి. ఆమె ఏడ్చింది మాత్రం నిజం. మంగళవారం కాల్ చేసింది, ఐదో నిమిషంలో బొమ్మ బిగుసుకుపోయింది. ఆ తర్వాత లాల్ మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజంతా ముదస్సిర్ లేవకుండా పని చేశాడు. ప్రతి కంప్యూటరు గుర్తునూ తీసుకుని దాని నంబరును దానికే కట్టేశాడు, కరెంటు పోయి వచ్చినా మారకుండా. అందరికీ సమానంగా హద్దు పెట్టాడు, సుబ్బరాజుకూ అంతే, ట్యూషన్ సెంటరుకూ అంతే. గంటగంట లెక్క మానేసి, రోజుకు ఒక్క మొత్తం మాత్రమే మిగిలేట్టు మార్చాడు. పాత గ్రాఫులన్నీ చెరిపేశాడు. నాలుగింటికి ఎవరు ఏం చేస్తున్నారో ఇక అతనికి తెలిసే దారి లేదు.

సాయంత్రం ఆమె దిగుతుంటే బయటికొచ్చి ఇదంతా చెప్పాడు.

"మీకు సుత స్పెషల్ ఏం లేదు ఇప్పుడు," అన్నాడు.

"నేను అడగలేదు," అంది. వెళ్లిపోయింది. అది కోపమో, మెచ్చుకోలో ముఖం చూస్తే తెలియలేదు.

శనివారం పొద్దున పదకొండింటికి ఒక ముసలాయన మెట్ల కింది గదిలోకి వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. ముదస్సిర్ ఎవరు కావాలని అడిగితే ఆయన రెండు చేతులతో గబగబా ఏదో చెప్పాడు. పిల్లి, చాయ్, వాన తప్ప ఏమీ రాని ముదస్సిర్‌కు అందులో ఆ మూడూ కనపడలేదు. ముసలాయన నిట్టూర్చి, జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఎవరితోనో రాయించుకొచ్చినట్టుంది. నేను సైనిక్‌పురి లాల్‌ను, ఖుష్నుమాను కలవాలి అని ఉంది.

ముదస్సిర్ కాగితం రెండుసార్లు చదివాడు. ముసలాయన్ను చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

"లాల్ అంటే మీరా?" అన్నాడు, ఆయనకు వినపడదని మరిచిపోయి.

పైకి తీసుకెళ్లాడు. ఖుష్నుమా ఆయన్ను చూసి కుర్చీలోంచి లేచిన తీరు చూస్తే తప్పిపోయిన మనిషి దొరికినట్టుంది. ఇద్దరి చేతులూ చాలాసేపు ఆడాయి. తర్వాత ఆమె ముదస్సిర్‌కు చెప్పింది. లాల్ పుస్తకాలకు అట్టలు కట్టే పని చేసేవాడు. పుట్టు చెవుడు, బడి చూడలేదు. సైగల భాష ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆయనా, ఆయన భార్యా కలిసి నలభై ఏళ్లలో సొంతంగా ఒక భాష కట్టుకున్నారు. పోయిన ఏడాది ఆమె పోయింది. దాంతో ఆ భాష తెలిసిన ఇంకో మనిషి లేకుండా పోయాడు. కొడుకూ కోడలూ మంచివాళ్లే, కాని వాళ్లతో అన్నం, నిద్ర, మందులు, అంతవరకే. అందుకే ఖుష్నుమా రోజూ గంటసేపు ఆయన సైగలు తను నేర్చుకుంటూ, తన సైగలు ఆయనకు నేర్పుతోంది.

"రోజు మొత్తంల ఆయన మాట్లాడేది ఆ గంటే," అంది. "మంగళవారం బొమ్మ ఆగినప్పుడు నా చెయ్యి గిట్ల పైకి లేచి ఉన్నదట. ఆయన భాషల గిట్లంటే ఇగ చాలు, పో, అని. నాకు విసుగొచ్చిందనుకున్నడు. ఏం తప్పు చేసిన్నో అడుగుదామని బస్సెక్కి వచ్చిండు."

ముదస్సిర్ ముసలాయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆయనకు చెప్పండి. ఆ చెయ్యి మీరు ఆపలేదు, నేను ఆపిన. తెల్వక ఆపిన, కాని నేనే. మాఫ్ చేయమని చెప్పండి."

ఖుష్నుమా అతన్ని ఒక్క క్షణం చూసి, ఆ మాటలన్నీ చేతులతో చెప్పింది. లాల్ శ్రద్ధగా చూశాడు. ముదస్సిర్ భుజం తట్టాడు. తర్వాత అతని వైపు వేలు చూపించి, తన చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకుని, కనుబొమలెగరేసి ఖుష్నుమాను ఏదో అడిగాడు.

ఆమె ముఖం ఎర్రబడింది. గబగబా తల అడ్డంగా ఊపింది. సగం ఊపి ఆపేసింది.

"ఏమన్నడు?" అని అడిగాడు ముదస్సిర్.

"ఏం లేదు. నెట్టు సంగతే," అంది ఆమె. దుబాసీ తప్పుడు అనువాదం చేయడం ఆ ఆఫీసులో అదే మొదటిసారి కావచ్చు.

ఆదివారం ఖుష్నుమా లాల్ ఇంటికి పోతుందని తెలిసి, తను కూడా రావచ్చా అని అడిగాడు. నేర్చుకుంటాను అన్నాడు. ఆమె ఆలోచించి సరే అంది. అట్లా నాలుగు ఆదివారాలు సికింద్రాబాద్ నుంచి సైనిక్‌పురి బస్సులో పోయారు. బస్సులో ఆమె లేడీస్ సీట్లో ముందు, అతను వెనక నిలబడి. మాటలు తక్కువ. ఆమెకు కోపం పోయిందో లేదో అడిగే ధైర్యం అతనికి రాలేదు.

నాలుగో ఆదివారం ఖుష్నుమా వంటింట్లో కోడలితో మాట్లాడుతుంటే లాల్ ఒక పాత ఫొటో తెచ్చి చూపించాడు. ఆయన భార్య. చెవులకు పెద్ద బుట్టలు. లాల్ ఫొటో చూపించి, తన చెవి తమ్మె పట్టుకున్నాడు. ఫొటో, చెవి. ఫొటో, చెవి. ఆ ఇంటి భాషలో ఆమె పేరు అదే, భార్య అన్న మాటా అదే.

ముదస్సిర్ చెయ్యి అనుకోకుండా తన చెవి దగ్గరికి పోయింది. ఆఫీసులో ఆ రోజు లాల్ అడిగిందేమిటో, ఆమె తల సగంలో ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది. సగం ఊపడం అంటే కాదనా, అవుననా, అది మాత్రం తెలియలేదు.

తిరుగు బస్సు కోసం నిలబడితే వాన మొదలైంది. బస్టాపు రేకు కింద ఇద్దరే ఉన్నారు.

"ఆ రోజు లాల్ అడిగింది నెట్టు సంగతి కాదు," అన్నాడు ముదస్సిర్.

ఆమె వాన వైపే చూస్తోంది.

"నేను గ్రాఫు చూసుడు మొదలుపెట్టింది మీ కాల్ కోసం కాదు, మీకోసం. అది తప్పు, బంద్ చేసిన. ఇప్పుడు మీరు ఎప్పుడు మాట్లాడుతరో, ఎప్పుడు బాధపడుతరో నాకేం తెలుస్తలేదు. పరేషాన్‌గ ఉంటది. ఇగ అడిగి తెలుసుకునుడు తప్ప నాకు వేరే దారి లేదు. రోజూ అడిగేటట్టు హక్కు కావాలె. నాకు మీరంటే ఇష్టం."

ఖుష్నుమా చేతులు పైకి తీసి నాలుగైదు సైగలు చేసింది. అతనికి వాన ఒక్కటే అర్థమైంది, అది కూడా ఎదురుగా కురుస్తోంది కాబట్టి.

"జెర మెల్లగ," అన్నాడు.

మెల్లగా చేసింది. అయినా అర్థం కాలేదు.

"ఖుష్నుమా, దయచేసి నోటితో చెప్పండి. నా పాణం పోతున్నది."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "వాన తగ్గినంక ఇంటికి పోయి మీ అమ్మీకి చెప్పండి, శుక్రవారం మా ఇంటికి రమ్మనండి అంటున్న. అబ్బాతోని మాట్లాడాలె కదా. ఆయనకు చెవులు మంచిగనే వినిపిస్తయి, మీరు నోటితోనే చెప్పొచ్చు."

శుక్రవారం ముదస్సిర్ తల్లి నూర్‌బీని తీసుకుని వెళ్లాడు. ఖుష్నుమా తండ్రి రైల్వేలో ముప్పై ఏళ్లు గార్డుగా చేసిన మనిషి, తక్కువ మాటలవాడు. అబ్బాయి ఏం చేస్తాడని ఒక్కటే అడిగాడు. ముదస్సిర్ ఫైర్‌వాల్ దగ్గర మొదలుపెట్టాడు. అడ్రసులు చెప్పాడు, హద్దులు చెప్పాడు, తన తప్పు చెప్పాడు, ఆడిన అబద్ధం కూడా దాచకుండా చెప్పాడు. చెప్పేకొద్దీ పెద్దాయన నుదుటి మీద గీతలు పెరిగాయి. పరదా వెనక గాజులు ఒకటి రెండుసార్లు చప్పుడయ్యాయి.

అంతా విని ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు.

"నాకు ఒక్క ముక్క సమజ్ కాలే," అన్నాడు. "కాని పిలగాడు దాచుకుంట లేడు. అది సమజైంది. రంజాన్‌కు ముందు తారీఖు ఏదన్న చూడండి."

ముదస్సిర్ ఆయన వైపు, తల్లి వైపు, పరదా వైపు చూశాడు. తారీఖు దేనికో అతనికి ఇంకా తట్టలేదు. నూర్‌బీ మోచేత్తో కొడుకు డొక్కలో పొడిచి, లేచి సలాం చెయ్యి బేటా, ఒప్పుకున్నరు అంది.